సత్యవేణి మీద కేసు

41వ చుట్ట

ఈ తాడు కొన్నవారికి నమస్కారం. నా పేరు పల్లాలమ్మ, మాది కొత్తలంక. అయిదో తరగతి వరకు చదివాను. ఆరో తరగతికి వెళ్ళేలోపు బడి సముద్రంలోకి వెళ్ళిపోయింది. అందుకని నా అక్షరాలు వంకరగా ఉంటాయి. తాడు మాత్రం వంకర లేకుండా పేనాం.

మాలాంటి చిన్న చేతిపనివాళ్ళు చేసిన సరుకు ఏ దేశంలో అమ్మినా, చేసినవాళ్ళు సొంతంగా రాసిన కాగితం ఒకటి దానికి కట్టి పంపాలని దేశాల ఒప్పందంలో ఉంది. కిందటి చుట్ట వరకు మా కాగితాలు మా అమ్మాయి సత్యవేణి రాసింది. ఏం రాసేదో నాకు చూపించేది కాదు. అడిగితే, "నీ మీద చాడీలు రాత్తన్నానే అమ్మా, ఆ దేశపోళ్ళు చదూకుని నవ్వుకుంటారు" అనేది. వినాయక చవితి వెళ్ళాక దానికి జ్వరం వచ్చింది. గట్టు తెగి పడవలు ఆగిపోయిన రోజులవి. పిల్ల దక్కలేదు. ఇరవై రెండేళ్ళు. మీరు దాని రాతకు అలవాటు పడి ఉంటే ఇక నా రాతతో సర్దుకోవాలి. నేనూ సర్దుకుందామనే చూస్తున్నాను.

పెద్దకార్యం అయ్యాక ఇవాళే పనికి వచ్చాను. నేను షెడ్డు గడప దాటగానే అత్తగారు పసుపు రంగుకు తిరిగింది.

అత్తగారంటే మనిషి కాదు. షెడ్డు దూలానికి బిగించిన దీపం. న్యాయ వర్తక మండలివాళ్ళు ఇచ్చారు. కింద పనిచేసేవాళ్ళ మొహాలు చూస్తుంది, మాటలు వింటుంది, ఊపిరి కొలుస్తుంది. అందరూ సంతోషంగా ఉంటే పచ్చగా వెలుగుతుంది. ఎవరికైనా కష్టంగా ఉంటే పసుపు. ఎవరైనా ఎవరినైనా పీడిస్తుంటే ఎరుపు. పచ్చ దీపం కింద పేనిన తాడుకే ముద్ర, ముద్ర ఉన్న తాడుకే న్యాయమైన ధర. దాని అసలు పేరు శ్రేయోదీపం. పొద్దస్తమానం పైనుంచి చూస్తూ ఏమన్నా రంగు మారుస్తుందని మా ఆడవాళ్ళు అత్తగారని పేరు పెట్టుకున్నారు.

"వచ్చీ రాగానే అత్తగారి మొహం మాడ్పించేసేవేంటే" అంది నూకరత్నం. మా కొబ్బరితాళ్ళ సంఘానికి ఆవిడే పెద్ద, నాకు వదిన వరస.

"ఇంటికి పోనా వదినా?"

"పోయి గోడతో మాటాడతావా? కూకో. పసుపైతే పసుపు. పచ్చకామెర్లు కావుగా."

కూర్చున్నాను. దీపం పసుపుగానే ఉంది.

42వ చుట్ట

తాడు పేనడం మీరు చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను. ఒకరు రాట్నం తిప్పుతారు. ఇంకొకరు ఒడినిండా పీచు కట్టుకుని, చేత్తో పీచు అందిస్తూ వెనక్కి నడుస్తారు. నడిచేకొద్దీ తాడు పొడుగవుతుంది. ఎక్కడికి పోతున్నామో కనబడదు. కనబడేది రాట్నం దగ్గర కూర్చున్న మనిషి మొహం ఒక్కటే.

పదేళ్ళు సత్యవేణి రాట్నం తిప్పితే నేను అలా వెనక్కి నడిచాను. తాడు పెరిగేకొద్దీ దాని మొహం చిన్నదైపోయేది. షెడ్డు చివరికి వచ్చేసరికి గోరంత ఉండేది. తాడు చుట్టి మళ్ళీ దగ్గరికి వెళ్తే అంతదీ అయ్యేది. ఇప్పుడు ఆ రాట్నం నూకరత్నం తిప్పుతోంది. ఆవిడ మొహం పెద్దది, షెడ్డు చివరి నుంచి కూడా బాగానే కనబడుతుంది. ఆవిడ తప్పేం లేదు. అయినా వెనక్కి నడుస్తుంటే కళ్ళు మసకలేస్తున్నాయి.

అత్తగారి రంగు మార్చాలని అందరూ తంటాలు పడుతున్నారు. ఒకామె వాళ్ళ ఆయన గురకను అనుకరించింది. ఒకామె చిన్నప్పుడు నేను తాటిపండు అనుకుని గుమ్మడికాయ కాల్చిన సంగతి తీసింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. దీపం పచ్చబడబోయి, నా దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. నవ్వులో తేడా దానికి తెలుస్తుందట.

నూకరత్నానికి ఇంకో ఇబ్బంది ఉంది. ఆవిడ ప్రేమంతా తిట్లలోనే ఉంటుంది. "ఒసే ముండా" అంటే దీపం ఎర్రబడుతుంది. అందుకని ఒప్పందం వచ్చినప్పటి నుంచి, "పల్లాలమ్మ గారూ, తమరి మొహం మండా, కాస్త పీచు దగ్గరగా అందించండి" అంటోంది. "గారూ" ఉంటే అత్తగారు ఊరుకుంటుంది.

43వ చుట్ట

దీపం వారం రోజులు పసుపుగా ఉంటే మండలి నుంచి మనిషి వస్తాడు. ఇవాళ వచ్చాడు. పేరు ప్రద్యుమ్న. విశాఖ ఆఫీసులో ఉద్యోగం. మంచి కుర్రాడు. పడవ దిగగానే ఎండకు వడలిపోయాడు. బొండం కొట్టి ఇచ్చాం. రెండోది కొట్టి ఇచ్చాం. వద్దు వద్దంటుండగా పనసపొట్టు కూరతో అన్నం పెట్టాం. ఒప్పందం ప్రకారం పరిశీలనకు వచ్చినవాళ్ళు మా దగ్గర ఏమీ తీసుకోకూడదట. "ఇది తీసుకోడం కాదు బాబూ, తిండం" అంది నూకరత్నం. తిన్నాడు.

తింటూ మండలి సమావేశం గురించి చెప్పాడు. ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో ఏటా జరుగుతుందట. తాడు ధర, పీచు ధర, మిరియాల ధర, అన్నీ అక్కడే నిర్ణయిస్తారట.

"మా తరపున ఎవరెళ్తారు బాబూ?" అని అడిగింది నూకరత్నం.

"మీకోసం ఒక కుర్చీ ఉందండి. చిన్న ఉత్పత్తిదారుల కుర్చీ. ఎవరూ కూర్చోరు, గౌరవంగా ఖాళీగా ఉంచుతారు. అందరూ లేచి దానికి నమస్కారం పెట్టాకే చర్చ మొదలెడతారు. దాన్ని మన తాడుతోనే అల్లారండి."

"కుర్చీ మాటాడతాదా?"

ఆయనకు పొలమారింది. మంచినీళ్ళు ఇచ్చాం.

చెయ్యి కడుక్కున్నాక నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఒళ్ళో చిన్న యంత్రం పెట్టుకున్నాడు. "పల్లాలమ్మ గారూ, బాగున్నారా?" అని అడిగాడు.

"ఆయ్. బాగున్నావండి" అన్నాను.

మరి ఏమంటాం చెప్పండి. ఇంటికొచ్చిన మనిషి. ఎండలో పడొచ్చాడు, ఇప్పుడే అన్నం తిన్నాడు. పలకరించినవాడి నెత్తిన నా ఏడుపు పెడతానా? మా లంకలో వరద నడుముదాకా వచ్చి, మనిషి అటక మీద కూర్చుని ఉన్నా, పడవలో పోతున్నవాడు "బాగున్నారా" అంటే "ఆయ్, బాగున్నావండి, మీరు బాగున్నారా" అంటాడు. అది అబద్ధం కాదు. మర్యాద.

యంత్రం మూడుసార్లు కూసింది.

"ఇక్కడ మీకేమైనా కష్టంగా ఉందా?"

"కట్టవేంటండి బాబూ. అందరూ చల్లగా చూత్తన్నారు."

మళ్ళీ కూసింది. ప్రద్యుమ్న దాన్ని చూసి, నన్ను చూసి, నూకరత్నాన్ని చూశాడు. ఇందాక అన్నం వడ్డించినావిడను చూసినట్టు చూడలేదు.

44వ చుట్ట

సంగతి తెలిసింది. నా ఊపిరి ఏడుస్తోంది, నా నోరు బాగున్నానంటోంది. రెండూ కలవలేదు. ఇలా కలవకపోవడానికి యంత్రానికి తెలిసిన కారణం ఒక్కటే. ఎవరో నన్ను బెదిరించి అలా చెప్పిస్తున్నారు.

అత్తగారు ఎర్రబడింది.

ప్రద్యుమ్నకు మేం చెప్పి చూశాం. నూకరత్నం ఆయన్ని నా ఇంటికి తీసుకెళ్ళి గోడ మీద దండ వేసిన ఫొటో చూపించింది. ఆయన చెప్పులు విప్పి ఫొటోకు దండం పెట్టాడు. "నాకు అర్థమైందండి" అన్నాడు. "కానీ యంత్రానికి బాధ ఎవరు పెడుతున్నారో కావాలి. ఎవరూ పెట్టని బాధకు అందులో గడి లేదండి."

"గడి లేకపోతే కొత్తది గియ్యండి బాబూ."

"దానికి నూటతొంభై దేశాలు ఒప్పుకోవాలండి."

పీడన తేలేవరకు మా తాళ్ళన్నీ రేవులో ఆపేశారు. నా ఒక్కదానివి కాదు, సంఘం మొత్తానివి. నన్ను రక్షించడానికి షెడ్డులో ఒక మూల తడిక కట్టి నన్ను అందులో కూర్చోబెట్టారు. ఎవరూ నాతో మాట్లాడకూడదు, ఎవరికీ నా మొహం కనబడకూడదు. రాట్నం కూడా దానంతటదే తిరిగేది ఇచ్చారు. మిగతా ఏడుగురూ అవతల. తడిక సందుల్లోంచి చీరల రంగులు కనబడుతున్నాయి.

నేనేమో మనుషుల మధ్య ఉంటేనైనా పొద్దు గడుస్తుందని పనికి వచ్చాను.

45వ చుట్ట

తడిక లోపలికి వచ్చాక నా ఊపిరి ఇంకా పాడైందని యంత్రం రాసింది. పీడన చాలా లోతైనదని, రక్షణ కల్పించినా బాధితురాలి భయం తగ్గలేదని తేల్చింది. ఇంకో తడిక కట్టారు.

పీచు తీయడానికి కొబ్బరి డొక్కలు తెచ్చే అబ్బులు ఇవాళ పడవ కట్టి తడిక అవతల నిలబడ్డాడు. నాతో మాట్లాడకూడదు కాబట్టి డొక్కలతో మాట్లాడాడు.

"ఏమే డొక్కా, ఇన్నావా? రేవులో మన తాళ్ళ పక్కన నిలబడొచ్చేను. అక్కడోడు చెప్పేడు, ఈ తాళ్ళు దేనికెళ్తాయో. పిల్లులకంట."

"పిల్లులకేంటి?" అంది నూకరత్నం గొంతు.

"ఆ దేశాల్లో పిల్లులు గోళ్ళు గీసుకోడానికి ఇంట్లో స్తంభం పాతుతారంట. దానికి చుడతారంట మన తాడు. పిల్లికి ఏరే దీపం ఉంటాదంట. మన తాడు మీద గీకితే పచ్చగా ఎలుగుతాదంట."

షెడ్డంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. సత్యవేణి వింటే పడీ పడీ నవ్వేది. ఆ మాట అనుకోగానే నవ్వు ఏడుపులోకి తిరిగిపోయింది.

కొన్నవారు ఏమీ అనుకోవద్దు. మీ పిల్లి సుఖంగా ఉండాలి.

46వ చుట్ట

ఈ నెలాఖరులోగా పీడకుడి పేరు తేలకపోతే సంఘానికి ముద్ర శాశ్వతంగా పోతుందని కబురు వచ్చింది. ముద్ర లేని తాడు అంటే మళ్ళీ పాత రోజులే. దళారి పడవలో వచ్చి, తాడును కాలితో తన్ని, ఇది తాడా నులకా అని అడిగి, పారేసి పోయే రోజులు. ఆ రోజుల్లో పిల్లల్ని ఎలా పెంచామో మాకే తెలియదు.

ఈ సంగతి విని సంఘం ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తడిక దగ్గరికి వచ్చి గుసగుసలాడారు.

"వదినా, నా పేరు చెప్పెయ్. నేనే తిట్టేననీ, జుట్టు పట్టుకున్నాననీ చెప్పు."

"పిన్నీ, నా పేరు చెప్పు. నాకు పెళ్ళి కుదిరింది, ఎలాగూ ఎల్లిపోతాను."

పేరు పడ్డ మనిషి ఇక జన్మలో ఏ దేశానికీ ఏ సరుకూ అమ్మకూడదు. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసే వస్తున్నారు. తాంబూలం దగ్గర మర్యాదలు చేసుకున్నట్టు "నేనంటే నేను" అని వాదించుకున్నారు. చివరికి నూకరత్నం అందర్నీ తోసేసి వచ్చింది.

"ఒసే పల్లాలూ. నన్ను రాయించు. తిట్లకి ఊళ్ళో నాకే పేరుంది. యంత్రం కూడా నమ్ముతాది."

అత్తగారు ఎర్రగా మెరిసింది.

"చూసేవా, ఇప్పుడే నమ్మేసింది" అంది.

ఆవిడకు తాడు పేనడం తప్ప ఇంకేమీ రాదు. ఇంట్లో లేవలేని మొగుడు ఉన్నాడు. ఎవరి పేరు చెప్పాలో ఆ పూటే అనుకున్నాను.

47వ చుట్ట

విచారణ షెడ్డులోనే జరిగింది. ప్రద్యుమ్న యంత్రాన్ని బల్ల మీద పెట్టి నా వెనక నిలబడ్డాడు. మిగతావాళ్ళు గడప బయట. యంత్రానిది ఆడగొంతు. వార్తలు చదివేవాళ్ళలాగా ఒక్క అక్షరం మింగకుండా మాట్లాడుతుంది.

"మీరు భయపడనవసరం లేదు. మిమ్మల్ని బాధిస్తున్న వ్యక్తి పేరు చెప్పగలరా?"

"సత్యవేణండి" అన్నాను.

బయట నూకరత్నం "ఓర్నాయనో" అంది.

"ఆ వ్యక్తికి, మీకు గల సంబంధం?"

"కూతురండి."

"ఎంతకాలంగా మిమ్మల్ని బాధిస్తున్నారు?"

"కడుపులో పడ్డకాణ్ణించీ కుదురు లేదండి. ఈ మజ్జిన మరీ ఎక్కువైందండి."

"మిమ్మల్ని భోజనం చేయనివ్వడం లేదా?"

"ముద్ద నోటికాడికొచ్చేసరికి వచ్చేత్తాదండి. ఇంక దిగదండి."

"నిద్రకు భంగం కలిగిస్తున్నారా?"

"తెల్లార్లూ దాందే పెత్తనవండి."

"పనిచేసే చోట కూడా వేధిస్తున్నారా?"

"ఆ రాట్నం కాడే కూకుంటాదండి. అక్కడే ఎక్కువండి."

"మిమ్మల్ని ఎప్పుడైనా బెదిరించారా?"

చెంగుతో మొహం తుడుచుకున్నాను. యంత్రం ఓపికగా ఆగింది.

"బెదిరించిందండి. జరంలో. 'నేనెళ్ళిపోతానే అమ్మా, అప్పుడేం చేత్తావ్' అందండి."

"ఆ బెదిరింపును అమలు చేశారా?"

"చేసేసిందండి."

నా ఊపిరి, నా నోరు మొదటిసారి కలిశాయి. యంత్రం కూయలేదు. నా ధైర్యాన్ని అభినందిస్తున్నానని చెప్పింది. నేను వెనక్కి తిరిగాను. ప్రద్యుమ్న కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. బతికి ఉందా అని యంత్రం అడగలేదు. ఆయనా చెప్పలేదు.

బయటికి రాగానే నూకరత్నం నా రెండు రెక్కలూ పట్టుకుని ఊపేసింది. "ఏం పని చేసేవే! పోయినదాని మీద కేసెడతావా! నన్ను రాయించొచ్చు కదే, నేను బతికున్న గొడ్డుని, నాలుగు తగిలినా పడుంటాను."

"నీకైతే వాళ్ళు ఏవైనా చెయ్యగలరు వదినా. దాన్నేం చేత్తారు" అన్నాను.

48వ చుట్ట

చేయగలరు.

తీర్పు వచ్చింది. మా తాళ్ళు రేవు నుంచి విడుదలయ్యాయి. తడికలు పీకేశారు. ముద్ర తిరిగి ఇచ్చారు. అందుకు మూడు షరతులు రాశారు.

సత్యవేణి అనే వ్యక్తి ఈ షెడ్డులోకి గానీ, పల్లాలమ్మ దరిదాపుల్లోకి గానీ రాకూడదు. షెడ్డులో ఆ పేరు ఎవరూ పలకకూడదు. ఆమెకు అభ్యంతరం ఉంటే తొంభై రోజుల్లోగా స్వయంగా హాజరై అప్పీలు చేసుకోవచ్చు.

మూడోది నూకరత్నం చదువుతుంటే మళ్ళీ చదవమన్నాను. స్వయంగా హాజరై. నాకు బుద్ధి లేదని నాకు తెలుసు. అయినా నూటతొంభై దేశాలు సంతకం పెట్టిన కాగితం కదా, అందులో రావచ్చని రాసి ఉంటే ఒక్క క్షణం ఆశ పుట్టింది.

మొదటి షరతును బోర్డు మీద రాసి షెడ్డు గుమ్మానికి కొట్టాలట. ప్రద్యుమ్నే మేకులు కొట్టాడు. ఒక్కటీ తిన్నగా దిగలేదు. "సత్యవేణికి ప్రవేశం లేదు." దాని పేరు అంత పెద్ద అక్షరాల్లో నేను ఎప్పుడూ చూడలేదు. బళ్ళో ఫస్టు వచ్చినప్పుడు కూడా చిన్న అక్షరాలతోనే రాశారు.

ఆ బోర్డు కింద నుంచి తలవంచుకుని లోపలికి వెళ్ళాను. పని చేశాను. అందరి పొయ్యిలూ వెలగాలంటే చేయాలి కదా.

49వ చుట్ట

ఒక మనిషి పేరు పలక్కుండా బతకడం ఎంత కష్టమో పని మొదలెట్టాకే తెలిసింది. మూడో రాట్నాన్ని మేమంతా సత్యవేణి రాట్నం అంటాం. బిగుతుగా పేనితే సత్యవేణి పురి అంటాం. కిటికీ దగ్గర చల్లటి చోటు సత్యవేణి మూల. పొద్దున్నే ఒకామె "సత్తివేణి రాట్నం కాడికి పీచెయ్యండి" అంది. దీపం ఎరుపు. నాలుక కరుచుకుంది.

తర్వాత నూకరత్నం పని ఆపి లేచింది. "ఇప్పుడే వత్తాను" అని బయటికి వెళ్ళి, గట్టు మీద నిలబడి, "సత్తివేణి రాట్నం కుదురు లూజయ్యింది, ఎవరైనా బిగించండే!" అని అరిచి, మళ్ళీ లోపలికి వచ్చి కూర్చుంది. దీపం పచ్చగా ఉంది.

ఇక అందరూ అదే పట్టారు. "బయటికెళ్ళి ఒక మాట అనేసొత్తానండే" అని ఒకరి తర్వాత ఒకరు. నేనూ వెళ్ళాను. కొబ్బరిచెట్ల కింద నిలబడి "సత్యవేణీ" అన్నాను. ఎవరూ ఎర్రబడలేదు. ఇంకోసారి అన్నాను. లోపలికి తిరిగి వెళ్ళాలంటే కాళ్ళు రాలేదు. నా పిల్ల గుమ్మం బయట ఉండిపోతే నేను నీడ పట్టున కూర్చుని తాడు పేనడమేంటి అనిపించింది.

లోపలికి వెళ్ళి మూడో రాట్నాన్ని ఎత్తుకుని బయటికి వచ్చేశాను.

"పల్లాలూ, బయట పేనితే ముద్ర రాదే" అంది నూకరత్నం.

"మీరు లోపల పేనండి వదినా. మీదాని మీద ముద్ర ఏయించుకోండి. నాది దళారికిచ్చేత్తాను. తన్నుకుంటే తన్నుకుంటాడు."

రాట్నం తిప్పేవాళ్ళు లేరు. అది నేను ఆలోచించలేదు. పీచు ఒడిలో కట్టుకుని అలాగే నిలబడ్డాను. కాసేపటికి గుమ్మంలోంచి పీట వచ్చి పడింది. దాని వెనక నూకరత్నం. కూర్చుని తిప్పడం మొదలెట్టింది. ఆవిడ వెనక రెండో రాట్నం. పొద్దు వాలేసరికి ఎనిమిదిమందిమీ గట్టు మీదే ఉన్నాం.

50వ చుట్ట

బయట పని చేస్తున్నాం. ఇక్కడ ఎవరి ఊపిరీ ఎవరూ కొలవరు. నేను ఏడుస్తాను, పేనుతాను. నూకరత్నం ఇన్నేళ్ళ బాకీ తిట్లన్నీ తీర్చేసుకుంటోంది. ఒకామె నీళ్ళలో కొట్టుకుపోయిన తమ్ముణ్ణి ఇవాళ మొదటిసారి పేరు పెట్టి పిలిచింది. దీపం వచ్చాక మానేసిందట. మాకు తెలియనే తెలియదు. పెళ్ళి కుదిరిన పిల్ల కూడా ఏడ్చింది. ఎందుకే అంటే, "ఏమో పిన్నీ, అందరూ ఏడుత్తన్నారుగా" అంది. నవ్వు ఆపుకోలేక తాడు వదిలేశాను.

తాడు మాత్రం ఎప్పటిలాగే వస్తోంది. ముద్ర సంగతి ఏమవుతుందో చూడాలి. అందరూ నా వెంట వచ్చి చెడిపోతున్నారని భయంగానే ఉంది.

51వ చుట్ట

ప్రద్యుమ్న వచ్చాడు. పడవ నిండా పూలదండలు. మేం ముద్ర పీకడానికి వచ్చాడేమో అనుకుని వరసగా నిలబడ్డాం.

"అభినందనలండి" అన్నాడు. "మీది ఈ ఏడు ఆదర్శ షెడ్డు. వారం రోజులుగా దీపం ఒక్కసారి కూడా రంగు మారలేదు. ఇంత పచ్చదనం ఈ తీరంలో ఎక్కడా లేదండి."

అప్పుడు గట్టు మీద రాట్నాలు చూశాడు. మా ఉబ్బిన కళ్ళు చూశాడు. షెడ్డు గుమ్మంలోంచి లోపలికి చూశాడు. లోపల ఎవరూ లేరు. దూలానికి అత్తగారు ఒక్కతే లేతాకులాగా వెలుగుతోంది.

"ఎంత కాలంగా ఖాళీ అండి?"

"తవరు బోర్డు కొట్టెళ్ళిన మర్నాడి నించీ" అంది నూకరత్నం. "ఇప్పుడు మీ చిత్తం."

ప్రద్యుమ్న గడప మీద కూర్చున్నాడు. ఒళ్ళో దండ పెట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. "షెడ్డులో మనుషులు ఉండాలని నిబంధనల్లో ఎక్కడా రాయలేదండి" అన్నాడు చివరికి. "నిజానికి పెద్ద పెద్ద ఫ్యాక్టరీలన్నీ ఇలాగే ఉంటాయి. అన్నీ యంత్రాలే. ఒక్క మనిషి ఉండడు, ఒక్కరూ ఏడవరు. వాళ్ళ దీపాలు ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటాయి. ప్రపంచంలో న్యాయ ముద్రల్లో మూడొంతులు వాళ్ళవే."



"అంటే ఇంతకాలం మనం చేసిన తప్పు లోపలుండటవేనంట" అంది నూకరత్నం. "చూసేవా పల్లాలూ, మనదీ పెద్ద ఫ్యాక్టరీ అయిపోయింది."

తాళ్ళు షెడ్డులో నుంచి వచ్చినట్టు ఉండాలి కాబట్టి, అబ్బులు ఒక గుమ్మంలోంచి లోపలికి మోసుకెళ్ళి ఇంకో గుమ్మంలోంచి బయటికి తెచ్చి పడవలో వేస్తున్నాడు. అత్తగారి కింద నుంచి పోయేటప్పుడు నవ్వు మొహం పెడుతున్నాడు. ప్రద్యుమ్న రెండు చుట్టలు తనే మోశాడు. బొండం ఇస్తే వద్దనకుండా తాగాడు. గుమ్మం మీది బోర్డును మాత్రం పీకలేనన్నాడు, అది నూటతొంభై దేశాల బోర్డట. పోయేముందు దాని ముందు నిలబడి, తన మెళ్ళో వేయడానికి మేం తీసిన దండను బోర్డు మీద వేసి వెళ్ళాడు.

52వ చుట్ట

ఈ తాడు కొన్నవారికి ఒక మాట చెప్పాలి. ఈ చుట్టలో నడిమధ్య ఒక అతుకు ఉంది. పట్టుకుంటే వేలికి తగులుతుంది. మామూలుగా అయితే అలాంటిది పంపం.

ఇవాళ వెనక్కి నడుస్తూ గట్టు చివరి దాకా వెళ్ళాను. అక్కడి నుంచి చూస్తే రాట్నం దగ్గర కూర్చున్నది ఎవరో తెలియదు. ఎవరైనా కావచ్చు. చేతిలో పీచు అలాగే ఉండిపోయింది, తాడు తెగింది. రాట్నం దగ్గరి మనిషి లేచి, తెగిన కొస పట్టుకుని అంత దూరమూ నా దగ్గరికి నడిచి వచ్చింది. దగ్గరికి వచ్చేకొద్దీ నూకరత్నం అయింది.

"కొత్త చుట్ట మొదలెడదామా?" అని అడిగింది.

వద్దన్నాను. రెండు కొసలూ విప్పి, పోగు పోగులో కలిపి, ఇద్దరం కూర్చుని అతికాం. తాడుకు పాతవాళ్ళు ఎలా అతుకు వేసేవారో అలాగే. తర్వాత మిగతాది పేనాం.

అక్కడ తెగదు. నమ్మకం లేకపోతే లాగి చూసుకోండి.